ఎనిమిది చీరల ఇంజను

ఇప్పుడంటే ఫోను మీద వేలు ఆడిస్తే ఇక్కణ్ణుంచి అక్కడికి ఎన్ని అడుగులో అదే చెప్పేస్తోంది గానీ, మేము నోయిడాలో కాపురం పెట్టిన కొత్తలో ఏ దూరమైనా ఒళ్ళు వంచి కొలుచుకుంటేనే తెలిసేది. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ చెడి బడి మానేశాను (తప్పు ఆయనదే, ఇప్పటికీ అదే మాట). చదువు అబ్బలేదు గానీ జ్ఞాపకం మాత్రం దండిగా ఉండేది. ఎవరి పెళ్ళిలో అరిసెలు గట్టిపడ్డాయో, ఏ పేరంటానికి ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో, దాని అంచు ఎన్ని వేళ్ళ వెడల్పో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. "దీనికి చదువు రాలేదు గానీ, వచ్చుంటే మర్చిపోయేది కాదు" అని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. అది పొగడ్తో తిట్టో నేనింతవరకూ తేల్చుకోలేదు.

మా ఆయన అప్పట్లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. అంతస్తుకో ఎకరం కార్పెట్టు ఉండే ఆఫీసు అది. రోజూ వాటి మీద తిరిగి తిరిగి ఆయనకు ఒక ఆలోచన పుట్టింది. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో కార్పెట్టు ఉంది, దాన్ని ఏడాదికోసారి బాల్కనీలో వేలాడదీసి కర్రతో కొట్టడం తప్ప ఎవరికీ ఏమీ తెలియదు, మనం యంత్రం పెట్టి కడిగితే ఎలా ఉంటుంది అని. ఇదంతా నాకు వింతగా ఉండేది. మా ఇళ్ళలో జంపఖానా మాసిపోతే కాలవ మెట్టు మీదేసి నాలుగు బాదులు బాది గోడ మీద ఆరేస్తాం. దానికో యంత్రం, దానికో టెంపో, దానికో ఉద్యోగం మానుకోవడం! కానీ ఆయన మానేశారు. మేనేజరు నవ్వి, "కుర్చీ ఖాళీగానే ఉంచుతాలే, వచ్చే నెల వస్తావుగా" అన్నాడట. ఆ నవ్వు మా ఆయన ఇంటికి తెచ్చుకుని వారం రోజులు దానితోనే అన్నం తిన్నారు.

ఈ పనిలో ఆయనకు తోడు మా పెద్దాడపడుచు భర్త. నాకు వరసకు అన్నయ్యగారు. పదిహేనేళ్ళుగా ఢిల్లీలో టెంపోలు తిప్పుతున్న మనిషి. సగం తెలుగు, సగం హిందీ, మిగతాదంతా హారన్ అన్నట్టు ఉండేది మాట. అందుకే మా ఆయన చాటుగా ఆయన్ని హారన్ బావ అనేవారు (చాటుగా అనుకునేవారు గానీ, ఆయనకు తెలుసు, ఆయన దాన్ని బిరుదుగానే పెట్టుకున్నారు). టెంపో ఆయనది. ఇక కావలసింది దాని వెనక బిగించే యంత్రం.

ఆ యంత్రం ఏం చేస్తుందంటే, కింద టెంపోలో ఇంజను నడుస్తుంది. ఒక సన్న పైపులోంచి వేడినీళ్ళు పైకి పంపుతుంది. పైన ఒక మనిషి పొడవాటి ఇనప మూతితో ఆ నీళ్ళు కార్పెట్టు మీద కొడతాడు. వెంటనే ఒక లావు పైపు ఆ మురికినీళ్ళన్నీ పీల్చుకుని కిందికి తెచ్చేస్తుంది. పిల్లలకు తలంటు పోసి, ఆ క్షణమే తల తుడిచేసినట్టన్నమాట. పోయడం ఎలాగైనా పోయొచ్చు, తుడవడంలోనే ఉంది కష్టమంతా.

యంత్రాలమ్మే లాలా షెడ్డు ఢిల్లీలో ఓఖ్లా అనే చోట ఉండేది. ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తానులెమ్మని నన్నూ తీసుకెళ్ళారు. షెడ్డులో రెండున్నాయి. ఒకటి పద్దెనిమిది హార్స్‌పవరుది, మా ఊరి పిండిమరలో మోటారంత. రెండోది ముప్పై పైచిలుకుది, పెళ్ళిలో వంటవాళ్ళ పొయ్యంత. లాలా ముందు చిన్నది వేశాడు. స్టూలు మీద నా చేతిలో టీ గ్లాసు వణికింది. తర్వాత పెద్దది వేశాడు. గ్లాసుతో పాటు నేనూ, స్టూలూ వణికాం. అన్నయ్యగారి మొహం పాపాయిని మొదటిసారి ఎత్తుకున్న తండ్రి మొహంలా అయిపోయింది.

"ఇంజనంటే ఇదిరా బామ్మర్దీ! స్టార్టు చేస్తే పక్క సెక్టారోడు కిటికీ మూసుకోవాలి."

"వాళ్ళు కిటికీలు మూసుకుంటే మనల్ని పిలిచేదెవరు బావా? చిన్నది చాలు. పైగా పెద్దది మీ టెంపో మొయ్యదు."

"మేరా టెంపో? నా టెంపో మీద ఒకసారి ఏనుగునెక్కించా."

"సర్కసు వాళ్ళ గుర్రం బావా అది. అదీ దారిలో దిగిపోయింది."

లాలా పాన్ నములుతూ ఇద్దర్నీ కాసేపు చూశాడు. చివరికి ఒకటే ప్రశ్న వేశాడు. "పైపు కిత్నా లంబా జాయేగా?" పైపు ఎంత దూరం వెళ్ళాలి అని. మా ఆయన "వంద అడుగులు" అన్నారు. అదే క్షణంలో అన్నయ్యగారు "తీన్ సౌ!" అని దాన్ని మూడు వందలు చేశారు. లాలా పాన్ ఉమ్మేసి వచ్చి, నూట యాభై అడుగుల దాకా చిన్న ఇంజను నిక్షేపంగా పీలుస్తుందనీ, అది దాటితే పైపులోనే గాలి చచ్చిపోయి నీళ్ళు పైనే ఉండిపోతాయనీ, అప్పుడు పెద్దది తప్పదనీ చెప్పి, "పెహలే నాప్ కే ఆవో" అన్నాడు. ముందు కొలుచుకు రండి, తర్వాత కొట్టుకోండి అని.

కొలవాల్సిన ఇల్లు కర్నల్ ఆంటీది. మాకు దగ్గర్లోని సొసైటీలో ఆరో అంతస్తు. ఆవిడకు దోసెలు వెయ్యడం నేర్పడానికి వారానికోసారి వెళ్ళేదాన్ని (ఆవిడ దోసె ఎప్పుడూ కాశ్మీరు పటంలాగే వచ్చేది). ఆ సొసైటీ ఆడవాళ్ళకు ఆవిడ మాటంటే మాట. దీపావళి లోపల ఆవిడ కార్పెట్టు మేం బాగా కడిగామా, సొసైటీ మొత్తం మాది. చెడగొట్టామా, మా ఆయన వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవాలి.

"నేను కొలుస్తా" అన్నాను స్టూలు మీంచి.

ఇద్దరూ నా వైపు తిరిగారు. అన్నయ్యగారు, "చెల్లెమ్మా, ఇది ముగ్గు కాదమ్మా, ఇంజను" అన్నారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. "సరే, అదెంత చెబితే అంత. నూట యాభై లోపలైతే చిన్నది, దాటితే పెద్దది. బావా, ఇక మాట్లాడకు" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నా మాట మీద ఒక పని ఆగడం అదే మొదలు. టెంపోలో ఇంటికొస్తూ దారంతా నేను నిటారుగా కూర్చున్నాను.

మా ఇంట్లో ఉన్న టేపు మూడు మీటర్లది. తాడు తెమ్మంటారా, మరి తాడు పొడవెంతో ఎవరు కొలుస్తారు? చీర పొడవైతే నాకు తెలియందా? ఐదున్నర మీటర్లు, పద్దెనిమిది అడుగులు. పెట్టెలోంచి చీరలు తీశాను. పెళ్ళినాటి మామిడిపిందెల అంచుది, ఆడపడుచు పెట్టిన వంకాయరంగుది, పిన్ని పెట్టిన చిలకపచ్చది, మొదటి దీపావళి నాటి నారింజరంగుది, ఇంకో నాలుగూ. (వాటిలో సగానికి పైగా అప్పటికి ఒక్కసారీ కట్టుకోనివే. నోయిడా దర్జీ ఒకడు నాకో జాకెట్టు కుట్టాడు, దాన్లో ఎత్తిన చెయ్యి దిగలేదు. అప్పట్నుంచీ జాకెట్లన్నీ ఊళ్ళో మా దర్జీకే ఇద్దామని, కొత్త చీరలన్నీ మడత విప్పకుండా దాచుకున్నాను. కాస్త గుర్తుంచుకోండి ఈ సంగతి.) ముళ్ళు వేస్తే కొలత తినేస్తుందని తెలివిగా పిన్నీసులతో చీరకు చీర కలిపాను. ఆ రోజుల్లో నా గాజులకు ఎప్పుడూ డజను పిన్నీసులు వేలాడుతుండేవి, ఇంజనీరు జేబులో పెన్నుల్లాగా.

ఆంటీ హాల్లో కార్పెట్టు నడిమధ్య నుంచి మొదలుపెట్టి, బాల్కనీ దాటించి, గోడ మీదుగా కిందికి వదిలాను. కింద మా ఆయన కొస అందుకుని టెంపో ఆపే చోటు దాకా నడిచారు. ఆరో అంతస్తు నుంచి రంగురంగుల చీరల తోరణం గాలికి ఊగుతోంది. గేటు దగ్గర గార్డు భయ్యా పైకి చూసి కేకపెట్టాడు. "అరే, కోయీ బహూ భాగ్ రహీ హై!" ఎవరో కోడలు చీరలు పట్టుకుని దిగి పారిపోతోందనుకున్నాడు పాపం. అన్ని బాల్కనీల్లోంచీ తలలు బయటికొచ్చాయి. కర్నల్ ఆంటీ నా పక్కన నిలబడి, "కోయీ నహీ భాగ్ రహీ! ఇంజన్ కా నాప్ లే రహే హై!" అని అరిచింది. చీరలతో ఇంజను కొలుస్తున్నారని విన్నాక ఆ తలలు లోపలికి వెళ్ళడం పూర్తిగా మానేశాయి.

సరిగ్గా ఎనిమిది చీరలు. చీరకు పద్దెనిమిది చొప్పున నూట నలభై నాలుగు అడుగులు. ఏడో తరగతి లెక్కే, మూడుసార్లు వేసి చూసుకున్నాను. "చిన్న ఇంజను" అని తీర్పు చెప్పాను. లాలా షెడ్డులో అన్నయ్యగారు పెద్ద ఇంజను మీద చెయ్యేసి ఒకసారి నిమిరి, వెనక్కి తిరిగారు. చిన్న ఇంజనూ, పొడుగ్గా ఒకే చుట్టగా ఉన్న సన్న పైపూ, యాభై అడుగుల లావు పైపు చుట్టలు మూడూ టెంపో ఎక్కాయి.

పని రోజున పైపు బాల్కనీ ఎక్కింది, గుమ్మం దాటింది, హాల్లోకి వచ్చింది, కార్పెట్టు కుచ్చులు ముట్టుకుంది, ఆగిపోయింది. మా ఆయన లాగారు. రాలేదు. కిందికి చూసి, "బావా, పైపు వదులు!" అన్నారు. కింద నుంచి, "నేనెక్కడ పట్టుకున్నానురా! టెంపో కూడా నీతో వస్తానంటోంది!" అని వినిపించింది. ఎంత చేసినా ఒక బారకు పైగా తక్కువ. ఇనప మూతి కుచ్చుల్ని నాకుతుంది తప్ప కార్పెట్టు మీదికి ఎక్కదు. అందరూ నా వైపు చూశారు. నేను గోడ మీద కర్నల్ గారి ఫొటో వైపు చూశాను.

కార్పెట్టునే ఇటు లాగుదామంటే దాని మీద దీవాను మంచం, పాలరాతి బల్ల, ఇత్తడి ఏనుగులు రెండు. ఆంటీ ఒక్కటీ కదపనివ్వదు. ఈలోగా అన్నయ్యగారు పరుగెత్తి ఎక్కడినుంచో పదిహేను అడుగుల తోట పైపు ముక్క తెచ్చి, టేపు చుట్టి లావు పైపుకు అతికించేశారు. "ఠీక్ హై! చాలూ కరో!"

చాలూ చేశాం. వేడినీళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి. రావడమే, వెళ్ళడం లేదు. అసలే హద్దు దాటిన దూరం, దానికి తోడు ఆ సన్న పైపు ముక్క. కిందున్న ఇంజను ఎంత గొంతు చించుకున్నా పైన పైపు మూతి, ముక్కు దిబ్బడేసిన వాడిలా సూ సూ అంటోంది గానీ చుక్క పీల్చదు. ఇది మాకు తెలిసేసరికి కార్పెట్టు పాలలో వేసిన బ్రెడ్డు ముక్కలా నానిపోయింది. ఇత్తడి ఏనుగులు నిజంగానే నీళ్ళలో దిగినట్టున్నాయి. ఆంటీ నోట మాట రాలేదు. అన్నయ్యగారికి మాత్రం వచ్చింది. "పెద్దది కొనమంటే విన్నారా? చీరలతో కొలిచారు! చీరలతో!"

మా ఆయన నా వైపు తిరిగారు. చేతిలో ఇనప మూతి పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన కళ్ళల్లో నాకు ఆ ఖాళీ కుర్చీ కనిపించింది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు మా ఊరి కాలవ గట్టు గుర్తొచ్చింది.

"ఏవండీ, మా ఊళ్ళో రేవు ఎప్పుడైనా ఇంటికి నడిచొచ్చిందా? బట్టలే కదా రేవుకెళ్ళేది!"

"ఏంటే నువ్వనేది?"

"పైపు పైకి రాకపోతే కార్పెట్టునే కిందికి తీసుకెళదాం. ఇంజను పక్కనే పడేసి కడుగుదాం."

అప్పుడు దీవానూ కదిలింది, బల్లా కదిలింది, ఏనుగులూ కదిలాయి (పొద్దున్నే కదిపి ఉంటే ఇంత కథ లేదు). కార్పెట్టు చుట్ట చుట్టి, నీళ్ళు కారకుండా ఆంటీ ఇచ్చిన పాత తెల్ల దుప్పటి కప్పి, మూడు చోట్ల తాడు కట్టాం. లిఫ్టు దగ్గర గార్డు భయ్యా అడ్డం నిలబడ్డాడు. తడి సామాను లిఫ్టులో ఎక్కించకూడదని సొసైటీ రూలట. చివరికి అతనే ఒక భుజం పట్టాడు. రెండోది మా ఆయన, మూడోది అన్నయ్యగారు, నాలుగోది మెట్ల కింద ఇస్త్రీ చేసుకునే భయ్యా. మెట్లు తడిస్తే తుడవడానికి నేను బకెట్టు పట్టుకుని ముందు నడుస్తున్నాను. వెనకాల కర్నల్ ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వస్తోంది. ఎలా ఉందో ఊహించుకోండి. నాకు మాత్రం మూడో అంతస్తు దాకా తట్టలేదు.

మూడో అంతస్తులో పూజ చేసుకుని బయటికొచ్చిన ముసలి అంకుల్ మమ్మల్ని చూశారు. ముందు నేను, చేతిలో బకెట్టు. వెనక నాలుగు భుజాల మీద తెల్లగుడ్డ కప్పిన ఆరడుగుల పొడవు. ఆ వెనక ఆంటీ. ఆయన చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, "కర్నల్ సాబ్... కబ్?" అన్నారు, ఎప్పుడు పోయారని.

అప్పుడే కింది నుంచి పాల ప్యాకెట్లతో మెట్లెక్కి వస్తున్న కర్నల్ సాబ్ ఆగి, తన ఊరేగింపును పైనుంచి కిందిదాకా చూసుకుని, "మై యహా హూ. వో కాలీన్ హై" అన్నారు. తానిక్కడే ఉన్నాననీ, అది కార్పెట్టనీ. ఇస్త్రీ భయ్యాకు నవ్వాగలేదు. అతను నవ్వితే భుజం వంగింది, భుజం వంగితే కార్పెట్టులో నీళ్ళన్నీ అన్నయ్యగారి నెత్తిన పడ్డాయి. ఆయన అంతసేపు హారన్ కొట్టకుండా ఉండడం నేను అదే చూడడం.

బ్యాడ్మింటన్ ఆడే సిమెంటు గచ్చు మీద కార్పెట్టు పరిచాం. టెంపో పక్కనే. యాభై అడుగుల చుట్ట ఒక్కటే తగిలించాం. చిన్న ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను, గాజులూ పిన్నీసులతో సహా లాగేసుకునేలా ఉంది. ఒక్కో పట్టీ మీద నీళ్ళు కొట్టడం, సర్రుమని పీల్చడం. పైపు మధ్యనున్న గాజు గొట్టంలోంచి కాఫీ డికాక్షన్‌లాంటి నీళ్ళు పరుగెత్తుతుంటే చుట్టూ చేరిన ఆడవాళ్ళు "హాయ్ రామ్" అని ముక్కున వేలేసుకున్నారు. గంట గడిచేసరికి గోధుమరంగు కార్పెట్టు దానిమ్మగింజ రంగులోకి వచ్చింది. ఆంటీ దగ్గరికొచ్చి చూసి, "యే మేరా నహీ హై" అని, ఇది తనది కానే కాదని తెగేసి చెప్పింది. పన్నెండేళ్ళుగా తన కార్పెట్టు గోధుమరంగేనట. చివరికి కర్నల్ సాబే వంగి, ఒక మూల చుట్ట నిప్పు పడి కాలిన మచ్చ చూపించారు. అది ఎవరు కాల్చారో, ఆ రోజు ఆవిడ ఆయన్నేమందో కూడా ఆవిడకు గుర్తొచ్చింది. మచ్చ చూసి కార్పెట్టును ఒప్పుకుంది, ఆయన్ని మాత్రం కొత్తగా మళ్ళీ తిట్టింది.

ఇంతలో మూడో అంతస్తు అంకుల్ చెప్పులేసుకుని కిందికొచ్చారు. పొద్దున జోడించిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఇంకా నలుపుకుంటూనే ఉన్నారు. "బేటా, మా ఇంట్లో కూడా ఒకటుంది. ఎత్తడానికి నలుగురు దొరుకుతారా?" అని అడిగారు. ఆయన తర్వాత నాలుగో అంతస్తు, ఆ తర్వాత పక్క బ్లాకు. దీపావళి దాకా ఆ గచ్చు మీద ఎవరూ బ్యాడ్మింటన్ ఆడలేదు. గార్డు భయ్యా వరస నంబర్లు రాసుకునే బాధ్యత తనంతట తానే తీసుకున్నాడు. సాయంత్రం అన్నయ్యగారు తల తుడుచుకుంటూ, "చూశావా బామ్మర్దీ, నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, చిన్న ఇంజను చాలని!" అన్నారు. మా ఆయన నా వైపు చూశారు. నేను టెంపోలో మళ్ళీ నిటారుగా కూర్చున్నాను.

ఆ నిటారు ఎంతసేపో నిలవలేదు. మర్నాడు మధ్యాహ్నం, కొలిచిన నాటి నుంచీ కుప్పగా పడున్న చీరలు మడిచి పెట్టెలో పెడుతున్నాను. మామిడిపిందెలది మడిస్తే సరిగ్గా వచ్చింది. వంకాయరంగుది మడిస్తే కొస మిగిలింది. చిలకపచ్చదీ మిగిలింది. విప్పి చూద్దును కదా, కొసన జాకెట్టు ముక్క! కత్తిరించనే లేదు. ఎనిమిదిలో ఐదింటికి అలాగే ఉంది. ముక్కకు దాదాపు రెండు మూరలు. అంటే పద్దెనిమిది అడుగులని నేను లెక్కేసిన చీరలు ఇరవైకి పైనున్నాయి. ముడి కొలత తింటుందని పిన్నీసులు పెట్టిన మహా ఇంజనీరు, ఐదు జాకెట్లను లెక్కలో వదిలేసింది. అసలు దూరం నూట యాభై ఏడు. అన్నయ్యగారన్నట్టు ఆ ఇంటికి పెద్ద ఇంజనే కావాలి.

వంటింట్లోంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది, లాలా పైపులు తక్కువ కొలిచి ఇచ్చాడని ఫోనులో తగువు పడుతున్నారు. నేను పెట్టె మూత వేసేశాను. తర్వాత లాలా మా ఇంటికొచ్చినప్పుడు అడక్కుండానే రెండోసారి కాఫీ ఇచ్చాను, పెసరట్టు కూడా వేశాను. ఈ బీబీజీకి నేనంటే ఎంత గౌరవమో అని ఆయన మురిసిపోయాడు. ఆ ఏడు ఊరెళ్ళినప్పుడు నాలుగు జాకెట్లు ఒక్కసారే కుట్టించాను. "ఏంటే, ఇన్నేసి?" అని మా ఆయనంటే, "పండగ కదండీ" అన్నాను. ఇదంతా చదివితే ఆయనకు తెలుస్తుంది. తెలియనివ్వండి.

ఆ తర్వాత మేము ఇంకో రెండు యంత్రాలు కొన్నాం. కొన్నప్పుడల్లా లాలా దూరమెంతని అడగడం, మా ఆయన టేపు జేబులోనే ఉంచుకుని నా వైపు తిరిగి, "ఎన్ని చీరలోయ్?" అనడం అలవాటైపోయింది. నేను గంభీరంగా ఒక అంకె చెబుతాను, చాటుగా ఒక జాకెట్టు కలిపి. వంకాయరంగు చీర ముక్క మాత్రం ఇప్పటికీ కత్తిరించలేదు. ఎప్పుడైనా పెట్టె తెరిచినప్పుడు దాన్ని మూర వేసి చూస్తుంటాను. ఆరో అంతస్తు బాల్కనీలో గాజుల నిండా పిన్నీసులతో, ఊరంతా నోరెళ్ళబెట్టి చూస్తుంటే, "నూట నలభై నాలుగు!" అని కిందికి కేకేసిన ఆ పిల్ల కనిపిస్తుంది. పదమూడు అడుగులు తప్పు చెప్పింది. అయితేనేం, ఎంత ధైర్యంగా చెప్పింది!